జాబెజ్ మాస్టర్ ఎడమ చెయ్యి

జాబెజ్ మాస్టర్‌కి ఈ లోకంలో దేని మీదా నమ్మకం లేదు, తన ఎడమ చెయ్యి దాంట్లో పది నిమిషాలు ముంచి చూస్తే తప్ప. రంగు కావచ్చు, మందు కావచ్చు, సబ్బు నీళ్ళు కావచ్చు, ఆఖరికి పెండ్లి పందిట్లో చల్లే పన్నీరు కావచ్చు. కొత్తది ఏదొచ్చినా ఆయన చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచేవాడు. గడియారం కుడిచేతికి మార్చుకునేవాడు. గిన్నెలో చెయ్యి పెట్టి కళ్ళు మూసుకునేవాడు. పది నిమిషాలయ్యాక తీసి, వాసన చూసి, వేళ్ళు ముడిచి విప్పి, అప్పుడు తీర్పు చెప్పేవాడు. ఆ పది నిమిషాలూ ఎదురుగా నిలబడి పళ్ళు కొరుక్కునే పని మాత్రం నారపది.

నారప ఆయన యజమాని. పదకొండేళ్ళు భరించాడు. మాస్టర్ చనిపోయి ఇది రెండో ఎండాకాలం, అయినా ఇప్పటికీ ఎవరైనా తన ముందు కొత్త డబ్బా మూత తీస్తే నారప ముఖం అదోలా అయిపోతుంది. "నా ఎనిమిది లారీలు కలిసి కూడా నన్ను అంత సతాయించలేదప్పా" అంటాడు.

లారీల సంగతి నిజమే. నారపవాళ్ళు మిరప, పత్తి వేసే కుటుంబం. కాస్త కలిసొచ్చిన రోజుల్లో లారీలు కొని యశ్వంతనగర్ నుంచి ఇనుప ఖనిజం తోలారు. గనులు మూతపడ్డ ఏడాది ఆ లారీలన్నీ ఇంటి ముందు వరసగా నిలబడిపోయి, వాటి కింద కోళ్ళు గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. బళ్ళారిలో ఏది ఆగినా జీన్స్ ప్యాంట్ల పని ఆగదని ఎవరో చెబితే, నారప ముండ్రగి వైపు ఒక వాషింగ్ యూనిట్ పెట్టాడు. వాషింగ్ అంటే ఉతకడం అనుకున్నాడు పాపం. కొత్తగా కుట్టిన ప్యాంటుని పదేళ్ళు తొడిగినట్టు చెయ్యడమని, దానికి మందులు కావాలని, మందులకి మాస్టర్ కావాలని తర్వాత తెలిసింది.

కంటోన్మెంట్ నుంచి పాత మోపెడ్ మీద, క్యారియర్‌కి టిఫిన్ డబ్బా కట్టుకుని, జాబెజ్ మాస్టర్ వచ్చాడు. కెమిస్ట్రీ చదువు, పాతికేళ్ళ అనుభవం. ఆయన్ని ప్రశ్నలు అడగాలని నారప కుర్చీలో సర్దుకునేలోపలే ఆయనే ఒక తొట్టి ముందు నిలబడ్డాడు.

"ఈ తొట్టిలో ఏముండాది సావుకారూ?"

"బ్లీచింగు."

"చెయ్యి పెట్టి చూసినారా?"

"నేనెందుకు పెడ్తానప్పా? దానికి మనుషులుండారు కదా."

జాబెజ్ మాస్టర్ ఆయన్ని ఒక నిమిషం పాటు, తొట్టిని ఒక నిమిషం పాటు చూశాడు. తర్వాత చొక్కా చెయ్యి మడవడం మొదలుపెట్టాడు. ఆ రోజే వద్దని పంపించేసి ఉంటే తన రక్తపోటు ఇప్పటికీ మామూలుగా ఉండేదని నారప నమ్మకం.

హుబ్బళ్ళి నుంచి రాఘవేంద్ర అని ఒక మందుల ఏజెంటు వచ్చేవాడు. టై, నల్ల బ్యాగు, ముఖం చూసుకోవచ్చు అన్నంతగా మెరిసే బూట్లు. మొదటిసారి వచ్చిన రోజు ఐదు లీటర్ల డబ్బా బల్ల మీద పెట్టి మొదలుపెట్టాడు.

"కొత్త సరుకు సార్. ఒక్క కప్పు చాలు, వంద ప్యాంట్లు..."

"మంచిది," అన్నాడు మాస్టర్. ప్లాస్టిక్ గిన్నె తెచ్చి అతని ముందు పెట్టాడు. "మీ కాగితంలో రాసిన కొలత ప్రకారమే నీళ్ళలో కలుపు."

కలిపాడు.

"చెయ్యి పెట్టప్పా."

"సార్?"

"చెయ్యి. నీది. పది నిమిషాలు. తోడుకి నేనూ పెడ్తా."

"సార్, ఇది కెమికల్ సార్!"

"తెలుసు. పాయసమైతే చెంచా ఇచ్చేవాణ్ణి."

రాఘవేంద్ర కాపాడమన్నట్టు నారప వైపు చూశాడు. నారప పైన తిరగని ఫ్యాను వైపు చూశాడు.

"మూత తీసేటప్పుడే ముక్కు మూసుకుంటివి," అన్నాడు మాస్టర్ నెమ్మదిగా. "నీకే ఇష్టం లేనిది మాకెందుకు అంటగడ్తావు?"

రెండోసారి రాఘవేంద్ర తెలివిగా రబ్బరు గ్లవుజులు తెచ్చుకున్నాడు. "గ్లవుజు అమ్మేదానికి వచ్చినావా, మందు అమ్మేదానికా? గ్లవుజైతే బాగుండాది, ఇరవై జతలు పంపు," అన్నాడు మాస్టర్. తర్వాత ఏజెంట్లందరూ ముందు నారపకి ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "మాస్టర్ లీవులో ఉన్నారా సార్?" అని అడిగి గానీ వచ్చేవాళ్ళు కాదు. ఆయనకి లీవు లేదు. ఆదివారం ప్రార్థనకి పోయే మూడు గంటలే సందు.

ఇన్ని పరీక్షలు రాసిన ఆ ఎడమ చెయ్యి మనిషి చెయ్యిలా ఉండేది కాదు. గోళ్ళు నీలం, వేళ్ళ సందులు కాఫీ రంగు, మణికట్టు దగ్గర అరచేతి వెడల్పున తెల్ల మచ్చ. చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఆ చేతిని చూసి బెదిరిపోయి, స్వస్థత కోసం ప్రార్థించే వాళ్ళ పేర్లలో జాబెజ్ పేరు చేర్చి సంఘమంతటి ముందూ చదివారు. మాస్టర్ లేచి నిలబడి, "అయ్యగారూ, అది జబ్బు కాదు, ఉద్యోగం" అని చెప్పి కూర్చున్నాడు.

ఆయన భార్య యూనీస్ గారు ఆ చేతిని వంటింటి గడప దాటనిచ్చేది కాదు. ఒకసారి నారప ఉండబట్టలేక ఆమెతో మొర పెట్టుకున్నాడు.

"అమ్మా, మీరన్నా చెప్పండి ఆయనకి. గిన్నె కడిగే పొడి మార్చినా పది నిమిషాలు పని ఆపేస్తాండాడు."

"మీకు ఆదివారమన్నా సెలవుండాది సావుకారూ," అంది యూనీస్ గారు. "నాకేదీ? పెండ్లిచూపులకి వచ్చినప్పుడు మా అమ్మ ఇచ్చిన కాఫీ తాగకుండా, మీరు బట్టలకి ఏం సబ్బు వాడ్తారని అడిగినాడు. పెరట్లోకి పోయి చెయ్యి ముంచి వచ్చినాక గానీ నన్ను చూడలేదు."

నారప కూతురు యశస్విని నిశ్చితార్థం రోజు జరిగింది మాత్రం నారప ఎప్పటికీ క్షమించలేదు. సత్యనారాయణపేటలో ఇంటి నిండా చుట్టాలు. కాబోయే వియ్యంకుడు, "మీకింకా వెంట్రుకలు నెరవలేదే!" అని మెచ్చుకున్నాడు. "మా వంశంలోనే అంత" అని నారప మీసం దువ్వుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడు జాబెజ్ మాస్టర్ పక్కకి వచ్చి, నిజమైన ఆందోళనతో, "సావుకారూ, మీరు తలకి వేసే నలుపు ఏ కంపెనీది? చెవుల దగ్గర కమిలింది చూడండి," అన్నాడు. మరుసటి రోజు ఆ ప్యాకెట్ తెప్పించి ఎడమ చెయ్యి ముంచి, "వద్దు సావుకారూ, గోరింటాకు పెట్టుకోండి" అని తీర్పిచ్చాడు. యశస్విని పెండ్లి ఫోటోల్లో నారప తల ఎర్రగా ఉంటుంది.

ఇక నల్ల ప్యాంట్ల కథ.

నల్లరంగు నీళ్ళలో ఊరికే కరగదు. దాన్ని కరిగించి బట్టలోకి ఎక్కించడానికి సల్ఫైడ్ అనే పసుపుపచ్చ పెళ్ళలు వేస్తారు. యూనిట్ అంతా కుళ్ళిన కోడిగుడ్ల వాసన. మిగిలిన నీళ్ళు ఎన్ని తొట్లలో శుద్ధి చేసినా ఆ కంపు చావదు. నారప అలవాటు పడ్డాడు. లారీల కాలంలో ఎర్రధూళి మింగినవాడికి వాసన ఒక లెక్కా?

జాబెజ్ మాస్టర్ సల్ఫైడ్ నీళ్ళలో చెయ్యి పెట్టి, మూడో నిమిషంలోనే తీసేశాడు. జీవితంలో ఆయన ఫెయిలైన పరీక్ష అదొక్కటే. మణికట్టు నుంచి మోచేతి దాకా ఒక్క వెంట్రుక లేదు. పసిపిల్ల బుగ్గలా నున్నగా అయిపోయింది.

"తోళ్ళ మండీలో చర్మం మీద వెంట్రుకలు కరగబెట్టేదానికి వాడేది ఇదే సావుకారూ."

"మంచిదే కదప్పా. మంగలి దగ్గరికి పోయే పని తప్పె."

మాస్టర్ నవ్వలేదు. ఆ రోజు నుంచి సల్ఫైడ్‌కి బదులు వెతకడం మొదలుపెట్టాడు. ఏడాదిన్నర పట్టింది. గోడౌన్‌లో ఒక నెల ఖర్జూరాలు, ఒక నెల చెరకు మడ్డి, ఒక నెల పుల్లబెట్టిన గంజి. నారప తలుపు తీసినప్పుడల్లా కొత్త వాసన. "ఇది వాషింగ్ యూనిటా, పండగ పళ్ళెమా?" అని అరిచేవాడు. చివరికి ఒక రోజు మాస్టర్ పరిగెత్తుకుంటూ వచ్చి, నల్లగా నిగనిగా మెరుస్తున్న గుడ్డముక్క ఒకటి బల్ల మీద పరిచాడు.

"దొరికింది సావుకారూ. బెల్లం!"

"బెల్లంతో ఏం చేస్తావప్పా, పండక్కి హోళిగలు తడ్తావా?"

"రంగు కరిగిస్తా. సోడా నీళ్ళలో బెల్లం వేసి బాగా కాస్తే, సల్ఫైడ్ చేసే పనే చేస్తాది. నిదానంగా చేస్తాది. వాసన రాదు."

"సోడా అంటే కాస్టిక్ కదా? దాంట్లో పెట్టినావా నీ చెయ్యి?" నారపకి ఎన్నాళ్ళకో దొరికిన అవకాశం అది.

"పెట్టలేదు. దానికి నా చెయ్యి ఒప్పుకోదు," అన్నాడు మాస్టర్ సిగ్గుపడుతూ. "అందుకే అది మూత తొట్టిలో నుంచి పైపులోనే పోవల్ల. లోపలే మూడుసార్లు కడిగినాకనే ప్యాంటు బయటికి రావల్ల. ఎవురి చేతికీ తగలకూడదు."

ఆ విధంగా బళ్ళారిలో మొట్టమొదటిసారి ఒక కెమికల్ గోడౌన్‌కి చీమలు పట్టాయి.

చీమలతో ఆగలేదు. రంగు తొట్ల దగ్గర పనిచేసే దుర్గక్క, ఉచ్చంగెమ్మ, మిగతా ఆడవాళ్ళు టీకి ముందు ఒకసారి, టీకి తర్వాత ఒకసారి గోడౌన్‌లోకి పోయి రావడం మొదలైంది. నాగుల చవితి వారం రెండు వందల నల్ల ప్యాంట్లు ఏనుగు రంగులో బయటికి వచ్చాయి. నారప ఎగిరి గంతేశాడు.

"ఏమైంది మాస్టర్ నీ బెల్లానికి?"

మాస్టర్ బెల్లం అచ్చులు లెక్కపెట్టి, దుర్గక్క వైపు తిరిగాడు. "దుర్గక్కా, పద్దెనిమిది అచ్చులు తక్కువుండాయి."

"పండక్కి తంబిట్టు ఉండలు చేసినాము సార్," అంది దుర్గక్క, దాచే ఉద్దేశమే లేకుండా. "మీకూ తెచ్చినా. డబ్బాలో ఉండాది."

"కెమికల్ తింటారా ఎవరైనా?" అని అరిచాడు నారప.

"ఇన్నాళ్ళూ కెమికల్ మమ్మల్ని తిన్నాది కదా సావుకార్రే. ఒక్క పండగకి మేము తింటిమి, పోనీ బిడు."

నారప మాస్టర్ వైపు తిరిగాడు. మాస్టర్ మాత్రం చిరునవ్వుతో తంబిట్టు నములుతున్నాడు. మర్నాడు తినడానికని వేరే బస్తా తెప్పించి, ఒకదాని మీద "రంగుకి", ఇంకోదాని మీద "నోటికి" అని రాసి పెట్టాడు. రెండూ ఒకే అంగడివి, ఒకే బండిలో వచ్చినవి. అయినా "రంగుకి" అని రాసిన బెల్లమే రుచిగా ఉంటుందని యూనిట్ మొత్తం ప్రమాణం చేసి చెప్పేది.

బెల్లం మండీ హులిగప్పకి కూడా పరీక్ష తప్పలేదు. బంగారంలా మెరిసే పచ్చని అచ్చు చూపించి, "నంబర్ వన్ సరుకు" అన్నాడు హులిగప్ప.

"నీళ్ళలో కరగబెట్టు. చెయ్యి పెట్టల్ల."

"బెల్లంలో చెయ్యి పెట్టేదేందప్పా? నోట్లో పెట్టుకో!"

మాస్టర్ రెండూ చేశాడు. తర్వాత నారపని బయటికి లాక్కొచ్చి, తల పట్టుకున్నాడు. "సావుకారూ, బెల్లం పచ్చగా కనపడేదానికి హైడ్రోస్ పొడి వేస్తాండారు. మనం నీలిరంగు తొట్టిలో వేసే హైడ్రోసే! ఈడ మనం రంగులోంచి మందు తీసేస్తాండాము, ఆడ వాళ్ళు బెల్లంలోకి వేస్తాండారు. మనం గోడౌన్ నుంచి వెళ్ళగొట్టల్లనుకునే మందు పోయి వంటింట్లో కూర్చుండాది." ఆ రోజు నుంచి మసిగుడ్డలా నల్లగా ఉండే బెల్లమే కావాలని పట్టుబట్టాడు. హులిగప్పకి ఎవరూ కొనని సరుకంతా అమ్ముడుపోయింది. అతనొక్కడే మాస్టర్‌ని ఎప్పుడూ తిట్టుకోలేదు.

బెల్లం వచ్చి ఏడు నెలలు గడిచాక బొంబాయి నుంచి పెద్ద ఆర్డరు పడింది. నాలుగు వేల నల్ల ప్యాంట్లు, పన్నెండు రోజులు. నారప జన్మలో అంత ఆర్డరు చూడలేదు. చిక్కేమిటంటే, సల్ఫైడ్‌తో గంటలో దిగే తొట్టి బెల్లంతో దాదాపు రెండు గంటలు తీసుకుంటుంది.

"ఈ ఒక్కసారికి సల్ఫైడ్ వేద్దాం మాస్టర్. పన్నెండు రోజులు. తర్వాత నీ బెల్లం, నీ చీమలు, నీ ఇష్టం."

"చెయ్యి పెట్టండి సావుకారూ."

"ఏంది?"

"పది నిమిషాలు పెట్టండి. తర్వాత మీరేం చెప్తే అది చేస్తా."

"నేను సావుకారుని! చెయ్యి పెట్టేది నువ్వు!"

"నేను పెట్టినా కదా. మూడు నిమిషాలు."

నారప విసురుగా లేచిపోయి రాఘవేంద్రకి ఫోన్ చేశాడు. సోమవారం పొద్దున్నకల్లా ఆరు పీపాల సల్ఫైడ్ గేటు దగ్గర దిగింది. అప్పుడే సూపర్‌వైజర్ వెంకటరామి దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, చెవిలో చెప్పాడు.

"సావుకారూ, నేను చెప్పినానని అనద్దండి. మాస్టర్ బాయిలర్ వెనక ఆడోళ్ళ దగ్గర వేలిముద్రలు వేయించుకుంటాండాడు. నోట్‌బుక్కులో. ప్రతి నెలా మొదటి సోమవారం. తర్వాత అందర్నీ పిలుచుకొని యాడికో పోతాడు, రెండు గంటలు రాడు."

నారప చెవుల్లో బాయిలర్ ఈల వేసింది. వేలిముద్రలు! అర్జీ! తన మీదే! కాలుష్యం బోర్డుకో, లేబర్ ఆఫీసుకో! తలకి గోరింటాకు పెట్టుకోమన్న మనిషి చెయ్యాల్సిన పనేనా ఇది? ఈ రోజుతో లెక్క తేలిపోవాలి. పంచె ఎగ్గట్టి బాయిలర్ వెనక్కి దూసుకుపోయాడు.

తొమ్మిదిమంది ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. మాస్టర్ తలకిందులు చేసిన బకెట్ మీద కూర్చుని, ఒళ్ళో పొడవాటి నోట్‌బుక్, పక్కన సిరా అట్ట పెట్టుకుని, దుర్గక్క బొటనవేలిని పసిపిల్ల వేలు పట్టుకున్నంత జాగ్రత్తగా కాగితం మీద అద్దుతున్నాడు.

"పదేండ్లు నా ఉప్పు తిని నా మీదే అర్జీ రాస్తాండావా మాస్టర్?"

"అర్జీనా?"

నారప నోట్‌బుక్ లాక్కున్నాడు. పేజీలు తిప్పాడు. ఒక్క వాక్యం లేదు. ఒక్కో పేజీ మీద ఒక్కో పేరు. కింద నెలనెలకీ ఒక బొటనవేలి ముద్ర. దుర్గక్క పేజీలో మొదటి ఏడాదంతా ఉత్త నల్ల మచ్చలే. ఒక్కొక్క మచ్చ పక్కన మాస్టర్ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది: నునుపు. నునుపు. నునుపు.

"ఇదేంది? ఈ మచ్చలేంది?"

"నా వేలు సావుకార్రే," అంది దుర్గక్క. "మూడేండ్లాయె, రేషన్ డిపోలో పడక. బియ్యం కావల్లంటే మిషిను మీద వేలు పెట్టల్ల కదా? పెడ్తే ఎర్ర దీపం. వేలుంటాది, గీతలుండవు. మందుల్లో అరిగిపోయినాయి. ఇంట్లో మా అత్తది ఒక్కటే పడ్తాది. ఎనభై ఏండ్ల ముసలామె. నెలనెలా ఆటోలో ఎక్కించి, డిపో కాడ ఎత్తి దించి, ఆయమ్మ వేలు పెట్టించల్ల. ఇప్పుడు ఇంట్లో ఆమెదే రాజ్యం. కూరలో ఉప్పు తక్కువైతే, 'ఈ నెల నాకు జ్వరమొస్తాది, డిపోకి రాను' అంటాది."

"నీకు అత్తన్నా ఉండాది," అంది వెనక నుంచి ఉచ్చంగెమ్మ. "మా ఇంట్లో నా వేలు తప్ప ఇంకో వేలే లేదు."

మాస్టర్ మెల్లగా నోట్‌బుక్ అందుకుని, చివరి గడులు చూపించాడు. బెల్లం మొదలైన నెల: నునుపు. తర్వాతి నెల: రెండు గీతలు. ఆ తర్వాత ఐదు. తొమ్మిది. పక్కన చుక్కలు పెట్టి మరీ లెక్కపెట్టాడు.

"చర్మం మళ్ళీ వస్తాది సావుకారూ. వదిలేస్తే అదే వస్తాది. మొదటి సోమవారం ముద్ర చూసి, డిపోకి పోయి మిషిను మీద పెట్టి చూస్తాము. ఇంకొక్క నెలలో పడ్తాదని నా అంచనా."

"పన్నెండు రోజులకి ఏమైతాదప్పా? పన్నెండే రోజులు!"

మాస్టర్ ఒక గడి మీద వేలు పెట్టాడు. తొమ్మిది గీతల తర్వాతి నెల. మళ్ళీ ఉత్త నల్ల మచ్చ. "పోయిన దీపావళికి, నేను చర్చిలో ఉన్న ఆదివారం మీరు సల్ఫైడ్ తెప్పించినారు. మూడు రోజులు వాడినారు. మూడే. మళ్ళీ తొమ్మిదికి వచ్చేదానికి ఇన్నాళ్ళు పట్టె."

నారపకి ఆ దీపావళి బాగా గుర్తుంది. మాస్టర్ ఏమీ అనకపోయేసరికి, కనిపెట్టలేదని తెగ సంతోషపడ్డాడు కూడా.

"నాకెందుకు చెప్పలేదు ఇన్నాళ్ళూ?"

"చెప్తే మీకు నిద్ర పట్టదు. నిద్ర లేకపోతే ఇంకా ఎక్కువ అరుస్తారు."

నారప పేజీలు అలాగే తిప్పుకుంటూ పోయాడు. ఆఖరి పేజీకి పేరు లేదు. పదేళ్ళ కిందట మొదలైన ముద్రలు, మొదటి రెండు మూడు గడుల్లో చక్కటి చుట్టలు చుట్టలుగా గీతలు, అక్కడి నుంచి కింద దాకా బోడి మచ్చలు. దుర్గక్కవాళ్ళ ముద్రల్లో గీతలు వచ్చిన నెలల్లో కూడా దీంట్లో రాలేదు.

"ఇదెవరిది?"

మాస్టర్ ఎడమ చెయ్యి వీపు వెనక్కి పెట్టుకున్నాడు. "అది వేలు కాదు సావుకారూ, ల్యాబు. నాకు డిపోకి కుడిది ఉండాది కదా."

నారప నోట్‌బుక్ మూసేశాడు. తర్వాత అరవడం మొదలుపెట్టాడు. వెంకటరామిని పిలిచి, ఆ పీపాలు ఇంకా గేటు దగ్గరే ఎందుకున్నాయి, ఎవడు దింపమన్నాడు, వెంటనే బండెక్కించి పంపమని అరిచాడు. బొంబాయికి ఫోన్ చేసి హిందీలో అరిచాడు. ఆయన హిందీ లారీ క్లీనర్ల దగ్గర నేర్చుకున్నది కాబట్టి బతిమాలినా తిట్టినట్టే ఉండేది. కొనేవాడు బెదిరాడో ఏమో, పద్దెనిమిది రోజులు గడువిచ్చాడు గానీ, నాలుగు వేలలో వెయ్యి ప్యాంట్లు ఇంకో యూనిట్‌కి మళ్ళించాడు. ఆ వెయ్యి ప్యాంట్ల కోసం నారప మాస్టర్‌ని తిట్టని రోజు లేదు. తిట్టి, వెనక్కి తిరిగి వెంటనే, "మూత తొట్టి పైపు కారుతాండాది చూడు, ఎవురికన్నా తగిలితే?" అని మళ్ళీ తిట్టేవాడు.

ఆ సోమవారం మాత్రం ఫోన్ పెట్టేసి, "డిపోకి రెండు గంటలెందుకప్పా, నా జీపులో అరగంట. ఎక్కండి. ఏం చూస్తాండారు? ఎక్కండి!" అని అందర్నీ తోసుకుంటూ పోయాడు. దుర్గక్క అత్తని కూడా, దుర్గక్క వేలు పడకపోతే పనికొస్తుందని, దారిలో ఎక్కించుకున్నారు.

ఎర్ర దీపం. మళ్ళీ ఎర్ర దీపం.

"వెయ్యి ప్యాంట్లు పోగొట్టుకున్నా, ఎర్ర దీపమా?" అని నారప మిషిను మీదికే పోయాడు. ముసలామె మహారాణిలా ముందుకొచ్చి, తన వేలు పెట్టి, పచ్చ దీపం వెలిగించి, కోడలి వైపు ఒక చూపు చూసింది.

తర్వాతి నెల మొదటి సోమవారం నారప అందరికంటే ముందొచ్చి గేటు దగ్గర హారన్ కొడుతున్నాడు. "టైమెంతాయె మాస్టర్? డిపో మూసేస్తారు!" డిపో తెరవడానికే ఇంకా గంటుంది.

దుర్గక్క వేలు పెట్టింది. ఎర్ర దీపం. మాస్టర్ తన చొక్కా అంచుతో ఆమె వేలు తుడిచాడు. నారప తన పంచె అంచుతో మిషిను అద్దం తుడిచాడు. దుర్గక్క మళ్ళీ పెట్టింది.

పచ్చ దీపం.

ఉచ్చంగెమ్మ ఈల వేసింది. నారప ఎవరికీ కనపడకుండా ముక్కు చీదుకుని, "దుమ్ము" అన్నాడు. అందరూ నవ్వుతుంటే ముసలామె ఒక్కతే మూతి ముడుచుకుని బియ్యం బస్తా మీద కూలబడింది.

"అయిపోయె. ఇంక నన్నెవురు పిలుస్తారు? ఇంక నేను జీపు ఎక్కేది లేదు, డిపో చూసేది లేదు."

జాబెజ్ మాస్టర్ ఆమె ముందు గొంతు కూర్చుని నోట్‌బుక్ తెరిచాడు. "అవ్వా, అసలు పని ఇప్పుడే ఉండాది. వీళ్ళ గీతలు సరిగ్గా వస్తాండాయా లేదా అని దేంతో పోల్చి చూడల్ల? ఈ ఊర్లో ఇంత గట్టి వేలు నీదొక్కటే. నెలనెలా నువ్వు రాకపోతే నా లెక్కంతా తప్పిపోతాది."

ముసలామె ఆలోచించింది. "ముందు సీటైతేనే వస్తా," అంది.

ఆ తర్వాతి నెల నుంచి మొదటి సోమవారం వస్తే చాలు, నారప జీపులో ముందు సీటు ఆమెదే. నమూనా చెడిపోకుండా బొటనవేలికి తడిగుడ్డ చుట్టుకుని, చెయ్యి పైకెత్తి పట్టుకుని, దారి పొడవునా అందరికీ కనపడేలా కూర్చునేది. వెనక సీట్లో మాస్టర్ ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి చూస్తుండేవాడు. నారప స్టీరింగ్ మీద తల బాదుకుంటూ అనేవాడు:

"అవ్వా, ఆ వేలు కొంచెం దించు. రోడ్డు కనపడ్తాలేదు."